గాల్లో వదిలిన కప్పులు

పొద్దున్నే పదకొండో కప్పు పగిలింది. కాఫీ తాగుతూ తాగుతూ మా చెల్లెలు కప్పును గాల్లో వదిలేసి పేపరు తిరగేసింది. ఆరు నెలలు అంతరిక్షంలో ఉండి వచ్చింది కదా, అక్కడ వదిలిన వస్తువు వదిలినచోటే తేలుతూ ఉంటుందట. కింద పడ్డ ముక్కల్ని చూసి, తప్పంతా వాటిదే అన్నట్టు మొహం పెట్టింది.

"వదిలెయ్ అక్కా, నేను ఊడుస్తాలే."

"ఆ 'వదిలెయ్' అన్న మాట మాత్రం నా దగ్గర అనకు," అన్నాను. ఒళ్ళు మండిపోతోంది నాకు.

దిగి వచ్చి నెల దాటింది. బరువు తెలియని చోట మెదడు పుర్రెలో కాస్త పైకి జరుగుతుందనీ, చేతులకు కొత్త అలవాటు నేర్పుతుందనీ, పాతది గుర్తు రావడానికి టైం పడుతుందనీ డాక్టరు చెప్పాడు. ఎంత టైం అని అడిగితే చేతులెత్తేశాడు. ఆ మాత్రం నేనూ ఎత్తగలను.

కప్పులు పోతే పోయాయి. నా భయమంతా పాప గురించి. ఏడాది నిండిన కూతుర్ని నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఇప్పుడు దానికి ఏడాదిన్నర దాటింది. వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఎత్తుకోనివ్వలేదు నేను. ఎలా ఇస్తాను? చెల్లెలు పాపకు ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తుంది. నేను వంటింట్లోకి వెళ్తే పాప నా వెనకే వచ్చేస్తుంది. అప్పుడు చెల్లెలి మొహం చూడలేక, ఆ కోపం గిన్నెల మీద చూపిస్తాను.

ఆ మధ్యాహ్నం తన సంచిలోంచి వెడల్పాటి పట్టీ తీసింది.

"అక్కడ పనిముట్లన్నీ నడుముకు కట్టుకుని పని చేస్తాం. చేతుల్ని నమ్మం. దీంతో పాపను నాకు కట్టు. వదిలినా పడదు."

"కన్నకూతుర్ని స్పానర్‌లా కట్టుకుంటావా?"

"కట్టవే అక్కా."

కట్టాను. బకిల్ మూడుసార్లు లాగి చూశాను. నిలబడే రెండు చేతులతో పాపను పొదువుకుంది. అంతలో ఫోను మోగింది. రెండు చేతులూ తీసేసి ఫోను అందుకుంది. పట్టీ ఉంది కాబట్టి పాప పడలేదు.

ఏం చేసిందో అప్పుడు తెలిసింది తనకు. "తీసుకో అక్కా, నా వల్ల కాదు," అంటూ ఏడ్చేసింది.

తిట్టుకుంటూ పట్టీ విప్పి పాపను ఎత్తుకోబోయాను. రాలేదు. వాళ్ళమ్మ చొక్కాను రెండు గుప్పిళ్ళతో పట్టుకుని ఉంది. ఎంత లాగినా వదల్లేదు.