తొలి పువ్వు చెట్టుది

తాళాలాయన నోరు మూతపడటం బజార్లో ఎవరూ చూడలేదు. మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఆ చిన్న కొట్లో ఆకురాయి ఎంత ఆడేదో ఆయన నాలుకా అంతే ఆడేది. తాళంచెవి పోగొట్టుకుని పరిగెత్తుకొచ్చినవాడితో, "కాస్త తాళండి బాబూ, తాళాలన్నీ తాళినవాళ్లకే తెరుచుకుంటాయి" అనేవాడు. చెవి విరగ్గొట్టుకొచ్చిన పెద్దమనిషితో, "చెవి ఇలా పడేయండి, ఒక మాట చెప్తా" అనేవాడు. నవ్వనివాడికి ఇంకో జోకు పడేది. ఆ రెండో దెబ్బ తప్పించుకోవడానికే చాలామంది మొదటిదానికి నవ్వేసేవారు.

అలాంటి మనిషి ఇంటికెళ్తే నోటికి తాళం. వేసింది కూతురు. దాని చెవి ఎక్కడ పడిపోయిందో ఇద్దరికీ తెలీదు.

గొడవంతా ఒక గులాబీ పువ్వు గురించి.

తాళాలాయన భార్యకు మొక్కల పిచ్చి. ఉండేది మేడ మీద వాటా. నేల లేదు, నేలకు దిగే మెట్లున్నాయి. ఆవిడ ఆ మెట్లనే తోట చేసింది. నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు, అడుగు మాడిన కుక్కరు, ఇంట్లో ఏది పాడైనా మొగుడు బాగుచేసేలోపే అందులో మట్టి పోసేసేది.

"నా సామానంతా మట్టిపాలు చేశావు కదే."

"మట్టిపాలైతేనే పూలపాలవుతాయి. మీ చేతిలో పడితే వట్టి డబ్బాలే అవుతాయి."

ఆ ఇంట్లో పైమాట ఎప్పుడూ ఆవిడదే. బజార్లో నాన్న వేసే జోకులన్నీ ఇంట్లో ఓడిపోయిన జోకులేనని కూతురు ఏడిపించేది. పొద్దున్నే టీ గ్లాసుతో మెట్లన్నీ దిగి ఎక్కి, "లేవండి, వచ్చింది" అని ఆవిడ కేకేస్తే, చుట్టాలొచ్చారేమోనని ఆయన చొక్కా వెతుక్కుంటూ పరిగెత్తేవాడు. వచ్చింది చిగురు. గోరంత ఎర్రటి చిగురు. దాన్ని చూపిస్తున్నప్పుడు ఆవిడ మొహం చూస్తే, లేపినందుకు తిట్టబుద్ధేసేది కాదు.

ఆవిడకు ఒక నియమం ఉండేది. ఏ మొక్కైనా సరే, ఆ ఏడు పూసిన తొలి పువ్వు కోయకూడదు. అది చెట్టుది. రెండోదాన్నుంచి దేవుడికైనా ఇవ్వొచ్చు, ఎదురింటివాళ్లకైనా ఇవ్వొచ్చు.

"దేవుడి కంటే చెట్టు ముందా?" అని ఆయనే ఒకసారి అడిగాడు.

"పువ్వంటే ఏమనుకున్నారు? చెట్టు చేసుకునే పూజ. దాని పూజలోంచి మనం ఎత్తుకొచ్చి మన పూజ అంటున్నాం. మొదటిదన్నా దానికి ఉంచొద్దూ?"

"దేవుడు అడిగితే?"

"దేవుడు అడగడు. అడిగేవాళ్లంతా మనుషులే."

ఆయన పూచీ ఇచ్చేవాడిలా తలూపి, "పూచినదానికి పూచీ నీదే" అని తప్పుకున్నాడు.

ఆవిడ మంచం పట్టాక మొక్కలు ఒక్కొక్కటే సెలవు పుచ్చుకున్నాయి. ఆసుపత్రి చుట్టూ తిరిగే ఇంట్లో మెట్లకు నీళ్లు పోసేదెవరు? చివరికి పై మెట్టు మీది నూనె డబ్బాలో గులాబీ ఒక్కటి మిగిలింది. ఆవిడ పోయిన పొద్దున్నే అది పూసింది. ఆ ఏటికి అదే తొలి పువ్వు.

కూతురు కత్తెర పట్టుకుని వెళ్లింది. తాళాలాయన వెళ్లి మెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు తల్లీ. మీ అమ్మ ఒప్పుకోదు."

"అమ్మ లేదు నాన్నా."

"మనిషి లేకపోతే మాట కూడా లేనట్టేనా?"

వీధంతా పూలు పంచిన మనిషి, కొన్న పూలతో వెళ్లింది. సమాధి దగ్గర అన్నీ ముగిసి తిరిగొచ్చేసరికి ఆ గులాబీ రేకులు రేకు డబ్బా చుట్టూ రాలి ఉన్నాయి. జనం చెప్పుల కింద కొన్ని నలిగిపోయాయి కూడా. కూతురు వంగి వాటిని ఏరుకుంది.

"చెట్టుకీ దక్కలేదు, అమ్మకీ దక్కలేదు. నీ పంతం మాత్రం నీకు దక్కింది" అంది.

అదే ఆఖరు మాట. ఆ పిల్ల ఉద్యోగం రోజంతా ఫోన్లో మాట్లాడటం. ఎవరెవరి సణుగుడో విని, సర్ది చెప్పి జీతం తెచ్చుకుంటుంది. ఇంట్లో మాత్రం ఒక్క పలుకు ఊరికే ఇవ్వదు. వండిపెడుతుంది, మూత పెడుతుంది, గదిలోకి వెళ్లిపోతుంది. గిన్నె చప్పుడైతే కోపం ఉందని అర్థం. చప్పుడు కాకపోతే ఇంకా ఎక్కువ ఉందని.

తాళాలాయనకు ఇప్పుడు ఒక్కటే ఆశ. ఆ గులాబీ మళ్లీ పూయాలి. తొలి పువ్వు పూసి, దాని మానాన అది రాలాలి. రెండోది కోసి కూతురి చేతిలో పెట్టి, "పద, అమ్మ దగ్గరికి వెళ్లొద్దాం" అనాలి. ఇన్ని మాటలున్న మనిషికి ఆ ఒక్క మాట అనడానికి పువ్వు కావాల్సొచ్చింది.

అందుకే రోజూ పొద్దున కొట్టుకు బయల్దేరే ముందు ఒక చెంబుడు నీళ్లు పోసేవాడు. కూతురు లేవకముందే పోసేవాడు. చూస్తే, అప్పుడు పువ్వు కోయనివ్వనివాడు ఇప్పుడు నీళ్లు పోస్తున్నాడని ఎక్కడ అంటుందోనని. ఆ పిల్ల ఆ డబ్బాను తప్పించుకుని మెట్లు దిగడం చాలాసార్లు చూశాడు. తల్లి మొక్క వైపు కన్నెత్తి కూడా చూడదే అని మనసులోనే నొచ్చుకునేవాడు.

ఒకరోజు సాయంత్రం కింది వాటా పిన్నిగారు మెట్ల దగ్గరే పట్టుకుంది.

"అన్నయ్యగారూ, మీ గులాబీ రోజూ మా గుమ్మం కడిగిపెడుతోంది. పని తగ్గింది, సంతోషమే. కానీ జారిపడ్డానంటే నా నడుముకి మారుచెవి మీరు చేసివ్వలేరుగా?"

చూస్తే నిజమే. డబ్బా కింద నుంచి మెట్టు మెట్టూ తడి. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి కూడా కారుతున్నాయంటే మొక్క తాగేదేముంది అనుకున్నాడు. ఆదివారం కూతురు బయటికెళ్లినప్పుడు డబ్బా వాల్చి చూస్తే అడుగున చిల్లులు. ఆవిడ మేకుతో కొట్టినవి. కుండీకి చిల్లెందుకో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. చిల్లు కనిపిస్తే పూడ్చకుండా ఉండలేని చేతులాయె. టంకం కాచి, ఒక్కోదానికీ నున్నగా మాటు వేశాడు. కూతురితో మాట కలపలేనివాడు, డబ్బాకి మాటు కలిపి మురిసిపోయాడు. ఆ సాయంత్రం నుంచి మెట్లు పొడి. పిన్నిగారు కూడా మెచ్చుకుంది.

కొన్నాళ్లకు మొగ్గ తొడిగింది. ఆ పొద్దున "లేవమ్మా, వచ్చింది" అని కేకేయబోయి నోరు నొక్కుకున్నాడు. కొట్లో ఆ రోజంతా జోకులు ధారగా పడ్డాయి. మందుల షాపాయన ఇంక చాలని దండం పెట్టాడు.

కానీ మొగ్గ విచ్చకముందే ఆకులు పచ్చబడటం మొదలైంది. పచ్చబడటమంటే పసుపుపచ్చ. కొసలు వాలిపోయాయి. దాహమనుకున్నాడు. మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి ఇంకో చెంబు పోశాడు. ఎంత పోస్తే అంత వాడింది.

ఒకనాడు బజారంతా కరెంటు పోయి, చెవులు కోసే మిషను ఆగిపోయింది. ఎండ ఉండగానే ఇంటికొచ్చాడు. సగం మెట్లు ఎక్కాడో లేదో పైనుంచి కూతురి గొంతు వినిపించింది. ఫోన్లో గొంతు కాదు, చిన్నప్పటి గొంతు.

"ఇవాళా సగం కంచం వదిలేశాడమ్మా. బజార్లో మాత్రం అందర్నీ నవ్విస్తున్నాడట, మందుల షాపాయన చెప్పాడు. ఇంటికొస్తే నా మొహం చూడ్డానికి కూడా భయం. ఈ మొగ్గ పూస్తే కోయనులే. ఆయన్నే గెలవనీ. నువ్వెలాగూ ఎప్పుడూ గెలవనివ్వలేదు."

తర్వాత నీళ్లు పోసిన చప్పుడు.

ఆయన గోడ పట్టుకుని మిగతా మెట్లు ఎక్కాడు. 

"పొద్దున నేను పోశానమ్మా" అన్నాడు.

కూతురు చెంబుతో అలాగే తిరిగింది. "ఇవాళా?"

"రోజూ. ఈ మధ్య మధ్యాహ్నం కూడా."

"నేను రోజూ పనినుంచి రాగానే పోస్తున్నా. నువ్వు దాని మొహం చూడట్లేదనుకున్నా నాన్నా."

"నేనూ నిన్ను అదే అనుకున్నా."

ఆ పిల్ల డబ్బా వైపు చూసింది. "మరి ఇన్ని నీళ్లు ఎటు పోతున్నాయి? ఇదివరకు నేను పోయగానే కిందికి కారేవి. ఈ మధ్య ఒక్క చుక్క కారట్లేదు."

తాళాలాయన నీళ్లు నమిలాడు. అప్పుడు తెలిసింది, ఆ సాయంత్రాల్లో మెట్లమీద కారినవి పొద్దున తను పోసిన నీళ్లు కావని. అవి కూతురు అప్పుడే పోసి లోపలికి వెళ్లిన నీళ్లు. ఆ ఇంట్లో తనకు అందిన ఒకే ఒక్క కబురు మెట్టు మెట్టూ దిగి వస్తుంటే, వెతికి మరీ దానికి మాటు వేశాడు.

"చిల్లులు పూడ్చేశాను" అన్నాడు.

కూతురు చెంబు కింద పెట్టింది.  ఇద్దరూ చెరోపక్కా పట్టి డబ్బా వంచారు. నల్లటి నీళ్లు కుళ్లు వాసనతో బయటికొచ్చాయి. మొక్క మట్టితో సహా జారి ఆయన చేతుల్లో పడింది. వేరు ముట్టుకుంటే తోలు ఊడి వేళ్లకు అంటుకుంది. వేరు అనే మాట మీద ఆయన దగ్గర బోలెడు జోకులున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

కుళ్లింది కోసేసి, పాత కుక్కరుకి చిల్లులు పెట్టి, పొడి మట్టిలో నాటి చూశారు. పొద్దున్నే ఇద్దరూ కలిసి వచ్చి చూసేవాళ్లు. ఎవరూ నీళ్లు ముట్టుకోలేదు. కానీ అప్పటికే ఆలస్యమైంది. కొమ్మలు పైనుంచి కిందికి నల్లబడుతూ వచ్చాయి. మొగ్గ ఉన్న కొమ్మ ఒక్కటే కాస్త పచ్చగా నిలిచింది.

"చెట్టే పోతోంది. ఇంక తొలి పువ్వు ఎవరిది నాన్నా?" అంది కూతురు.

ఆయన కొమ్మకున్న ఎండుటాకు ఒకటి తుంచాడు.

"ఆ రోజు నువ్వడిగింది తప్పు కాదు తల్లీ. మీ అమ్మవి నా దగ్గర మిగిలినవి ఆ మాటలే. అవి కూడా కోసేస్తే ఆవిడ నిజంగానే వెళ్లిపోతుందని భయమేసింది."

కత్తెర ఆయనే తెచ్చాడు. ఆయనే కోశాడు. కూతురి చేతిలో పెట్టి, "పద, అమ్మ దగ్గరికి వెళ్లొద్దాం" అన్నాడు. అనుకున్న మాట అదే. పువ్వే అనుకున్నది కాదు. విచ్చని మొగ్గ, మెడ దగ్గర అప్పుడే వడిలింది.

సమాధి మీద దాన్ని పెట్టి ఇద్దరూ కూర్చున్నారు. మొగ్గ విచ్చుకోలేదు. విచ్చుకుంటుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

ఇంటికొచ్చాక తాళాలాయన ఖాళీ నూనె డబ్బా బోర్లించి, మాట్లన్నీ కరిగించి తీసేశాడు. కూతురు డబ్బాను మళ్లీ పై మెట్టు మీద పెట్టింది. అందులో మట్టి లేదు, మొక్క లేదు. అయినా లోపలికెళ్లి ఒక చెంబు నీళ్లు తెచ్చి పోసింది.

నీళ్లు అడుగునుంచి బయటికొచ్చి ఒక మెట్టు దిగాయి, ఇంకో మెట్టు దిగాయి. కింద తలుపు తీసి ఏదో అనబోయిన పిన్నిగారు, పైన పక్కపక్కనే నిలబడ్డ ఇద్దర్నీ చూసి, తన గుమ్మంలో కాళ్లపట్టా తడవకుండా తీసి గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయింది.