పలుపుతో సహా

ఆ చలికాలం హోర్లో అనే ఆవిడ మందను మంచు ఊడ్చేసింది. రెండు వందల జీవాల్లో మిగిలింది ఒక్క ఆడగుర్రం. దాన్ని అమ్మేసి, గుడారం విప్పేసి, నగరంలో చెల్లెలు పనిచేసే కుట్టుమిషన్ల కొట్టులో చేరిపోదామని ఆమె నిశ్చయించుకుంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఒకరి మాట వినే రకం కాదు.

పక్క లోయ నుంచి యాదమ్ బేరానికి వచ్చాడు. ఉప్పు వేసిన పాల టీ తాగాడు, గుర్రం పళ్లు చూశాడు, ధర ఒప్పుకున్నాడు. హోర్లో గుర్రాన్ని తెచ్చి పలుపుతో సహా అతని చేతిలో పెట్టబోయింది.

యాదమ్ నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏంటక్కా ఇది? మతి గానీ పోయిందా? పలుపు ఇచ్చేస్తారా ఎవరైనా?"

ఆ మైదానంలో ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. జీవాన్ని అమ్మితే జూలులోంచి నాలుగు వెంట్రుకలు తీసుకోవాలి, పలుపు ఇంట్లోనే ఉంచుకోవాలి. లేకపోతే హిషిగ్ గడప దాటిపోతుంది. హిషిగ్ అంటే డబ్బు కాదు, మంద కూడా కాదు. ఒకదాన్ని పది చేసే కలిమి. వెయ్యి గొర్రెలున్నా అది లేనివాణ్ణి అక్కడెవరూ కలిగినవాడనరు.

"ఉంచుకుని ఏం కట్టను? నన్ను నేను కట్టేసుకోనా? తీసుకుపో."

"నాకొద్దు తల్లీ! గుర్రాన్ని కొన్నాను గానీ నీ ఇంటి హిషిగ్ కొనలేదు. ఇది పట్టుకెళ్తే మా ఆవిడ నన్ను లోపలికి రానిస్తుందా?"

"నీ పెళ్లాం భయం నాకెందుకు అంటగడతావు?"

"నవ్వుకో. మీ అమ్మ ఏడు మేకలతో మొదలెట్టిందని మా నాన్న చెప్పేవాడు. ఆవిడా ఇలాగే ఇచ్చేసుంటే నువ్వు ఏం తిని పెరిగేదానివి?"

హోర్లోకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఏడుపూ వచ్చింది. చలికాలమంతా కళేబరాలు ఈడ్చినప్పుడు రాని ఏడుపు. తనకు వెళ్లాలని లేదు. ఆ మాట ఇన్నాళ్లూ తనతో తాను కూడా అనుకోలేదు.

కళ్లు తుడుచుకుని గుర్రం పలుపు విప్పింది. జూలులోంచి వెంట్రుకలు తీసి రొమ్ము దగ్గర అంగీలో దోపుకుంది. యాదమ్ గుర్రానికి తన తాడు కట్టి, డబ్బు బయటికి తీశాడు.

"అది లోపల పెట్టుకో. ఆడమేకలివ్వు."

యాదమ్ తెల్లబోయాడు. "ఎన్ని?"

"పన్నెండు. అన్నీ చూడివే."

"పన్నెండా! దీనికేమైనా రెక్కలున్నాయా అక్కా? ఎనిమిది."

"పన్నెండు. కుంటివీ గుడ్డివీ తోలావంటే నీ ఇంటి ముందొచ్చి కూర్చుంటా."

యాదమ్ నెత్తి కొట్టుకున్నాడు గానీ, అతని మొహం వెలిగిపోవడం హోర్లో చూసింది.

"పదకొండు," అన్నాడు.

"పన్నెండు," అంది హోర్లో, పొయ్యి మీద మళ్లీ టీ పెడుతూ.