తొలి కాన్పు మాది

ప్రసన్నకు తల్లి లేదు. ఉన్న బాపు ఒక్కడే పదిమంది పెట్టు.

దేవిదాసు నస్రుల్లాబాద్ పక్క పల్లెలో వరి పండించే రైతు. భార్య పోయేనాటికి బిడ్డకు తన జడ తాను వేసుకోవడం కూడా రాదు. బర్రెలకు పగ్గాలు పేనిన చేతులతోనే ఆయన జడ అల్లడం నేర్చుకున్నాడు. మొదట్లో అది జడలా లేదని, పగ్గంలా ఉందని బడిలో పిల్లలు నవ్వేవారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ పిల్లల తల్లులే ఆ జడను ఆపి చూసేవారు. పప్పుకు పోపు, లంగాకు కుట్టు, జ్వరానికి కషాయం, ఏది అవసరమైతే అది నేర్చాడు. మళ్లీ పెళ్లి చేసుకోమని చెప్పి చెప్పి చుట్టాల నోళ్లు నొప్పి పుట్టాయి గాని ఆయన చెవిన పెట్టలేదు. అన్ని విద్యలూ వచ్చిన ఆ మనిషికి ఒక్కటే రాలేదు. ఎవరినైనా నోరు తెరిచి సాయం అడగడం.

విత్తు ఒకటి పెడితే చెట్టు ఇంకొకటి మొలుస్తుందా? బిడ్డకూ అదే బుద్ధి వచ్చింది.

బిచ్కుందలో అత్తగారింట ప్రసన్నకు శ్రీమంతం చేసిన రోజున, బిడ్డను పుట్టింటికి తీసుకుపోవడానికి వచ్చిన దేవిదాసు నలుగురి ముందు నిలబడి ఒక మాట అన్నాడు. "తొలి కాన్పు మాది చెల్లె. మీరు ఏం ఫికర్ చేయొద్దు. బిడ్డ పుట్టినంక కబురు పెడ్త, అందరు కలిసి వద్దురు గాని."

తొలి కాన్పు పుట్టింటిదే అన్నది ఎవరూ కాదనే ముచ్చట కాదు. కాని బాపు ఆ మాటను దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చి ఉంటాడని ప్రసన్నకు తెలుసు. ఆడదిక్కు లేని ఇల్లు, కాన్పు ఎట్లా చేస్తారో అని ఎవరైనా అనకముందే అందరి నోళ్లూ మూయించాలని ఆయన తాపత్రయం. మూయించాడు కూడా. వియ్యపురాలు ప్రేమల ఒక్క క్షణం ఆయన వంక చూసి, "మంచిది అన్నా" అని ఊరుకుంది. ప్రసన్నకు మాత్రం మనసు చివుక్కుమంది. అత్తమ్మ ఒక్కసారి, ఊరికే మాటవరసకైనా, నేను వస్తానంటే ఎంత బాగుండేదో అనుకుంది. అత్తమ్మ అనలేదు, కోడలు అడగలేదు.

దేవిదాసు ఏర్పాట్లు దేవిదాసు చేసుకున్నాడు. పిట్లంలో ఉన్న అక్క సుబ్బరత్నమ్మ కాన్పుకు వచ్చి ఉంటానని మాట ఇచ్చింది. మాట ఇచ్చిన మనిషి నిలబెట్టుకునేదే. కాని నెలలు నిండిన సమయానికి ఆమె వడ్లు ఆరబోసిన వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా కట్టు కట్టారు. ప్రసన్న భర్త నవనీత్ వరికోత మిషన్ నడుపుతూ దెగ్లూర్ వైపు ఉన్నాడు. నొప్పులు మొదలైనయని తెలిసిన గడియలో బయల్దేరుతా అన్నాడు. ఇక ఇంట్లో మిగిలింది తండ్రీ కూతుళ్లే.

"నేనున్న గద బిడ్డా" అన్నాడు దేవిదాసు. ఆ మాట మీదే ప్రసన్న ఇన్నేళ్లు బతికింది. ఈసారి మాత్రం అది సరిపోదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

బాన్సువాడ కాన్పుల దవాఖానకు పరీక్షకు పోయినప్పుడల్లా రేఖ సిస్టర్ అంతా బాగుందనే చెప్పేది. బిడ్డ తల కిందికి ఉంది, తల్లికి రక్తం బాగుంది, మామూలు కాన్పే అవుతుంది అనేది. ఆ వెంటనే, లోపలికి నీతో వచ్చేది ఎవరు అని అడిగేది. అక్కడి పద్ధతి అది. నొప్పులు పడే మనిషి పక్కన, తనకు నచ్చిన ఆడమనిషిని ఒకరిని ఉండనిస్తారు. మా మేనత్త వస్తుందని ప్రసన్న మొదట్లో చెప్పింది. మేనత్త కాలు విరిగినంక ప్రసన్న ఒక నిశ్చయానికి వచ్చింది. ఆపరేషన్ చేయమని అడుగుతాను అనుకుంది. ఆపరేషన్ అయితే తెర కట్టి, సూది వేసి, వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. పక్కన చేయి పట్టుకునేవాళ్లు లేకున్నా తెలియదు. నొప్పికి భయపడే ఈ మాట అంటుందని బాపు అనుకున్నాడు. అనుకోనీ అని ఊరుకుంది.

పొద్దున బర్రెల పాలు పిండే వేళకు నొప్పులు మొదలయ్యాయి. దెగ్లూర్‌లో ఉన్న నవనీత్‌కు ఫోన్ చేసి, పక్కింటి వాళ్ల కారులో దేవిదాసు బిడ్డను దవాఖానకు తీసుకొచ్చాడు. చంకలో ఒక పెద్ద సంచి. అందులో లేనిది లేదని ఆయన నమ్మకం.

లోపల పొడుగాటి వరండాలో ఆడవాళ్లు మెల్లగా నడుస్తున్నారు. ఒకామె పెద్ద రబ్బరు బంతి మీద కూర్చొని అటూ ఇటూ ఊగుతుంటే, వెనక నిలబడిన తల్లి నడుము రుద్దుతోంది. ఇంకొకామె అక్క మెడ చుట్టూ చేతులు వేసి వేలాడుతోంది. తండా నుంచి వచ్చిన ఒక ముసలామె తన బిడ్డకు లంబాడీ మాటల్లో ఏదో చెబుతూ జావ తాగిస్తోంది. ప్రసన్నకు ఆ మాటలు అర్థం కాలేదు గాని గొంతు అర్థమైంది. అందరి పక్కనా ఎవరో ఒకరు ఉన్నారు. తను ఒక్కతే గోడ పట్టుకొని నడిచింది.

నొప్పి వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడల్లా కిందటిదానికంటే ఎక్కువ సేపు ఉంటోంది. అట్లాంటి ఒక నొప్పి దిగిపోయాక ప్రసన్న రేఖ సిస్టర్ చేయి పట్టుకొని, నాకు ఆపరేషన్ చేయించండి అంది. రేఖ మళ్లీ పరీక్ష చేసింది. బిడ్డ గుండె చప్పుడు విన్నది. అంతా అనుకున్నట్టే సాగుతోందని, కోయాల్సిన పని లేదని నచ్చజెప్పింది. ప్రసన్న వినలేదు.

"నొప్పులకు భయపడుతున్నవా?" అని అడిగింది రేఖ.

"నొప్పులకు గాదు సిస్టర్. నా పక్కన ఎవరు లేరు." ఆ మాట బయటపడ్డాక ప్రసన్నకు ఏడుపు ఆగలేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఇంత ఏడ్చినట్టు గుర్తు లేదు.

రేఖ తలుపు తీసుకొని బయటికి పోయింది. సందులోంచి మాటలు వినపడుతూనే ఉన్నాయి. ఆడవాళ్లు ఎవరైనా ఉంటే పంపండి అని ఆమె అంటే, నేనే పెంచిన, నేనే వస్తా అన్నాడు దేవిదాసు. లోపల వేరే ఆడవాళ్లు ఉన్నారని, మగవాళ్లను రానీయరని ఆమె చెప్పింది. అత్తగారు ఉన్నారు కదా, పిలవండి అంది.

"తొలి కాన్పు గద సిస్టర్. మా ఇంటి పని. వాళ్లను ఏ ముఖం పెట్టుకొని పిలవాలె?" అన్నాడు దేవిదాసు. ఆ గొంతు ప్రసన్న ఎన్నడూ విన్నది కాదు. అడగడం రాని మనిషి గొంతు, అడగాల్సి వచ్చినప్పుడు అట్లా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ప్రసన్న ఫోన్ తీసుకుంది. అత్తమ్మ నంబరు నొక్కింది. అటు వైపు ఒక్క గంట కూడా పూర్తిగా మోగకముందే ప్రేమల ఎత్తింది.

"అత్తమ్మా." చెప్పాల్సిన మర్యాదలు, క్షేమ సమాచారాలు అన్నీ వదిలేసింది. "అత్తమ్మా, నాకు భయమైతుంది. మీరు వస్తరా?"

ఫోన్ కట్ అయింది.

ఒక మాట లేదు, ఊ అని కూడా లేదు. ప్రసన్న ఫోన్ వంక చూస్తూ ఉండిపోయింది. వచ్చినా ఏం లాభం, బిచ్కుంద నుంచి బస్సు దొరికి, అది ఊరూరా ఆగి వచ్చేసరికి అంతా అయిపోతుంది అని తనకు తాను సర్ది చెప్పుకుంది. ఇంతలో మళ్లీ నొప్పి వచ్చింది. కళ్లు మూసుకొని మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

ఆ నొప్పి పోయి, ఇంకొకటి వచ్చే లోపే తలుపు తెరుచుకుంది. ప్రేమల వచ్చి నిలబడింది. కొంగు నడుముకు చెక్కి ఉంది. చేతులకు జొన్నపిండి. రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు. రొప్పుతోంది. చంకలో ఒక సంచి మాత్రం పొందికగా సర్దినట్టు ఉంది.

బిచ్కుంద నుంచి ఎగిరి వచ్చారా అని రేఖ అడిగేసింది. ప్రేమల చేతులు కడుక్కొని కోడలి వెనక చేరి నడుము రుద్దడం మొదలుపెట్టింది. ఆ చేతుల్లో బలం ఉంది, నెమ్మది ఉంది. నొప్పి తగ్గలేదు గాని మోయడానికి ఇంకొకరు దొరికినట్టయింది. రుద్దుతూనే సంగతి చెప్పింది. సుబ్బరత్నమ్మ కాలు విరిగిందని నవనీత్ చెప్పిన నాడే ఆమె బాన్సువాడకు వచ్చేసింది. దవాఖాన వెనక గల్లీలోనే చెల్లెలి ఇల్లు. అప్పటినుంచీ అక్కడే ఉంది.

"గింత దగ్గర ఉండి రాలేదేంది అత్తమ్మా?"

"ఎట్లొస్త బిడ్డా. తొలి కాన్పు మాది అని మీ బాపు నలుగుట్ల అన్నడు. పిలవకుంట వస్తే, నీ ఇంట్ల ఆడదిక్కు లేదని నేను ఎత్తి చూపినట్టు గాదా? పిల్లను గంత ముద్దుగ పెంచిన మనిషిని చిన్నబుచ్చుతనా?" అంటూ ప్రేమల నడుము కిందికి రుద్దింది. మళ్లీ అంది. "అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటరు. నేను అత్తను. నువ్వు అడుగుతవేమోనని పొద్దున లేస్తే ఫోన్ చేతుల పట్టుకొనే కూసుంటున్న."

చూడండి ఈ పెద్దవాళ్ల మర్యాదలు! ఆయనను నొప్పించకూడదని ఈమె, ఈమె ముందు తక్కువ కాకూడదని ఆయన, మధ్యలో పిల్ల గోడ పట్టుకొని నడవాల్సి వచ్చింది. ప్రసన్నకు నవ్వు వచ్చింది. నవ్వుతుండగానే నొప్పి వచ్చింది.

ఆ తరువాత ఆపరేషన్ మాట ప్రసన్న ఎత్తలేదు. రేఖ చెప్పినట్టు నడిచింది, బంతి మీద ఊగింది, గొంతుక్కూర్చుంది. ఉండలేక అరిచింది. అరువు బిడ్డా, ఇక్కడ ఎవరేమనుకుంటరు, అని ప్రేమల చెవి దగ్గర చెబుతూనే ఉంది. మధ్య మధ్య నీళ్లు తాగించింది, ముఖం తుడిచింది. ఇక నా వల్ల కాదు అని ప్రసన్న అన్నప్పుడు, కాదనుకున్నప్పుడే అయితది, నాకూ గట్లనే అయింది అంది. ప్రసన్న ఆమె మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగి ఎర్రగా కమిలింది. ఆమె ఆ చేయి వెనక్కి తీసుకోలేదు. ఇదే ఆఖరుది, తొయ్యి అని రేఖ అన్న తరువాత కూడా అట్లాంటి ఆఖరువి చాలానే వచ్చాయి. అన్నిటికీ చివర, ఒంట్లోంచి పెద్ద బరువేదో జారిపోయినట్టయి, మరుక్షణం ఆ బరువే వెచ్చగా, తడిగా గుండెల మీదికి వచ్చి పడింది.

ఆడపిల్ల. ముఖమంతా ముడుచుకొని, ఈ లోకం మీద అలిగినట్టు ఏడ్చింది. తల్లి చర్మానికి తగలగానే ఏడుపు ఆపి, నోటితో వెతకడం మొదలుపెట్టింది.

దేవిదాసు సంచిలోంచి తేనె సీసా బయటపడింది. నాకించడానికట. రేఖ దాన్ని తీసి పక్కన పెట్టేసింది. "బర్రె ఈనితే జున్నుకు కొట్లాడుకుంటరు. మన పిల్లకు మాత్రం ముర్రుపాలు వద్దు, తేనె కావాల్నా?" అంది. ప్రేమల తలవంచుకొని, నవనీత్ పుట్టినప్పుడు పెద్దోళ్లు చెబితే పిండి పారబోశానని ఒప్పుకుంది. పిల్ల రొమ్ము పట్టి గుటకలు వేస్తుంటే ఆమె కళ్లార్పకుండా చూసింది.

ఇక పిల్లను తాతకు చూపించాలి. ఉతికిన మెత్తటి పాత బట్ట ఇవ్వమని రేఖ అడిగింది. దేవిదాసు సంచి తిరగేస్తే అంతా కొత్తదే. గరుకు లేసుల గౌను, కుచ్చుల టోపీ, గుండుసూది కూడా తీయని మేజోళ్లు, పెళపెళలాడే తువ్వాళ్లు. పురుడు స్నానం కాకుండా పిల్లలకు కొత్తబట్ట తొడగరని, మొదట పాతబట్టలోనే చుడతారని దేవిదాసుకు చెప్పేవాళ్లెవరు? బజారంతా తిరిగి తన బిడ్డ బిడ్డకు మంచివి ఏరి తెచ్చాడు. తలుపు సందులోంచి తన కొత్తబట్టలన్నీ పక్కకు పోవడం చూసి ఆయన ముఖం వాడిపోయింది.

ప్రేమల తలుపు దగ్గరికి పోయింది. "అన్నా, నీ ఉతికిన రుమాలు ఏమన్న ఉన్నదా?"

దేవిదాసు తడుముకున్నాడు. భుజం మీదిది కాకుండా, ఉతికి మడతపెట్టిన రుమాలు ఒకటి ఎప్పుడూ ఆయన చేతిసంచిలో ఉంటుంది. ఎన్నో ఏండ్లుగా ఉతికి ఉతికి వెన్నలా అయింది. అది తీసి, ఇది దేనికి చెల్లె, పాతది అన్నాడు.

"తొలి కాన్పు మీదన్నవు గద. తొలి బట్ట గూడ మీ ఇంటిదే ఉండాలె" అంది ప్రేమల.

ఆ రుమాల్లో చుట్టి పిల్లను చేతుల్లో పెడితే, జడలు అల్లిన ఆ చేతులు పగ్గం పట్టినంత గట్టిగా పట్టాలో, పాలగిన్నె పట్టినంత మెల్లగా పట్టాలో తెలియక అటూ ఇటూ సర్దుకున్నాయి. దేవిదాసు మనవరాలిని చూశాడు. తరువాత వియ్యపురాలిని చూశాడు. జన్మలో మొదటిసారి ఆయన నోరు తెరిచి అడిగాడు. "చెల్లె, మా ఇంటికొచ్చి పురుడు దాక ఉంటవా?"

ఆమె ఏమందో ప్రసన్నకు సరిగా వినపడలేదు. ఉంటానందని మాత్రం బాపు ముఖం చూస్తే తెలిసింది. మంచం పక్కన స్టూలు మీద అత్తమ్మ సంచి నోరు తెరుచుకొని ఉంది. నీళ్ల సీసా కోసం చేయి చాపిన ప్రసన్నకు లోపల ఉన్నవి కనపడ్డాయి. పాత నూలు చీరలు చింపి, ఉతికి, నీడలో ఆరేసి, చదరంగా మడతలు పెట్టిన గుడ్డలు. పిల్లకు నెలల తరబడి సరిపడేన్ని ఉన్నాయి. ఎప్పటినుంచి చేస్తూ వచ్చిందో. ఇన్ని పెట్టుకొని బాపును రుమాలు అడిగింది.

ప్రసన్న కళ్లు తుడుచుకుంది. బాపు ఇటు తిరగకముందే చేయి చాపి ఆ సంచి జిప్పు మూసేసింది.