ఓబులేష్ తవ్వి తెచ్చిన గడ్డలు

ఉమాదేవి పుట్టి పెరిగింది చిలమత్తూరు దగ్గర, నాయన సుబ్బన్న పూలతోటలో. ఎకరం కనకాంబరాలు, గట్ల వెంట చామంతులు. బడికి పోయే రోజుల్లోనే తెల్లారి లేచి పూలు కోసి, బెంగళూరు పోయే వ్యానుకు గంపలు అందించి, ఆ తరువాతే తల దువ్వుకునేది. మాటల్లో పడితే చేతుల వైపు చూడకుండానే మూర మాల కట్టేసేది. అలాంటి పిల్లను రెండువేల నాలుగు మాఘంలో ఉరవకొండ అవతల ఒక పల్లెలో ఓబులేష్‌కిచ్చి పెళ్లి చేశారు.

ఓబులేష్ నెమ్మదస్తుడు. మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు, సవరించుకున్నాక ఒక్కోసారి మాట్లాడకుండానే ఊరుకుంటాడు. అత్త నల్లమ్మ నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. దారిన పోయేవాడిని కూడా పిలిచి సంగటి పెట్టి పంపుతుంది. మామ తిమ్మన్న పొద్దున లేచి ఆకాశం చూస్తాడు, "లేదు" అంటాడు, బీడీ ముట్టించుకుంటాడు. కరువు మొదలైనప్పటి నుంచీ ఆయన తెల్లవారి మొదటి మాట అదే.

ఆ ఇంట్లో ఉమాదేవికి ఏ లోటూ లేదు, పూలు తప్ప. ఊళ్లో పూలచెట్టు అనేదే కనిపించదు. తాగే నీళ్లే ట్యాంకరులో వస్తుంటే మల్లెచెట్టుకు ఎవరు పోస్తారు? ఉగాదికి గుమ్మానికి వేపమండలు కట్టారు గానీ తల్లోకి పువ్వు లేకపోయింది. ఓబులేష్ ఉరవకొండ వెళ్లినప్పుడల్లా మూర మల్లెలు కొనుక్కొచ్చేవాడు. బస్సులో ఆ వేడికి, ఇల్లు చేరేసరికి అవి ఉడికిన మెతుకుల్లా అయిపోయేవి.

జ్యేష్ఠమాసంలో ఒక సాయంత్రం అలాంటి పొట్లమే విప్పి చూసి ఉమాదేవి దాన్ని పక్కన పెట్టేసింది.

"మా ఊర్లో ఎనుములు గూడా చామంతులు మేస్తాయి, తెల్సునా? ఈడ మనిషికి ఒక్క పువ్వు దొరకదు. ఏమి నేలప్పా ఇది!"

ఓబులేష్ గొంతు సవరించుకున్నాడు. "మన చేన్లో గూడా పూలుండాయి," అన్నాడు.

"యాడ?"

"నేల కింద."

ఉమాదేవి పకపకా నవ్వింది. అతను నవ్వలేదు.

మరునాడు పొద్దున గడ్డపార భుజాన వేసుకుని ఆమెను చేనికి పిలుచుకుపోయాడు. చేను కొసన, గుట్ట మొదట్లో ఎవరూ దున్నని రాళ్ల బీడు ఒకటుంది. గొర్రెలు కూడా విసుక్కుని వదిలేసిన నేల. కొన్ని ఎండిన ముళ్ల కంపలు, మిగతాదంతా ఎర్ర మన్ను. ఓబులేష్ రెండు బండల మధ్య చోటు చూసుకుని తవ్వడం మొదలుపెట్టాడు. మూరెడు లోతుకు దిగాక చేత్తో మట్టి తీసి, ఒక గడ్డను పైకి లాగాడు. దానికి ఉల్లిగడ్డకున్నట్టే గోధుమరంగు పొరలు, అడుగున నాలుగు ఎండు వేర్లు. ఆ పక్కనే ఇంకోటి, ఇంకోటి.

"వానపూల గడ్డలు," అన్నాడు. "మంచి వాన పడితే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. తెల్లగా, ఇంతింత పొడుగుంటాయి పూలు. పోయినేడు లెయ్యలే, అంతకు ముందేడూ లెయ్యలే. సచ్చిపోయినాయేమో అనుకొంటి. పట్టుకొని చూడు, గట్టిగా ఉండాది."

ఉమాదేవి గడ్డను అరచేతిలో పెట్టుకుని చూసింది. బరువుగానే ఉంది. "పూలడిగితే ఎర్రగడ్డలు ఇస్తాండావు నాకు," అంది. కానీ మొగుడు అంత ఎండలో చెమటలు కక్కుతూ తవ్వుతుంటే ఆమెకు లోపల ఎక్కడో ముద్దొచ్చింది. దొరికినవన్నీ కొంగున మూటగట్టుకుంది.

ఇంటికొచ్చి, పగిలిన కుండ ఏదైనా చూసి నాటుదామని గడ్డల్ని చేటలో పోసి వంటింట్లో పెట్టింది. ఇంతలో ట్యాంకరు వచ్చిందని వీధిలో కేకలు. బిందెలు తీసుకుని పరుగెత్తింది. ఓబులేష్ విత్తనాల పని మీద చేని నుంచి అటే ఉరవకొండకు వెళ్లిపోయాడు.

సరిగ్గా ఆ మధ్యాహ్నం బస్సుకే సుబ్బన్న దిగాడు. ఆషాఢం దగ్గరకొచ్చింది కాబట్టి కూతుర్ని పుట్టింటికి తీసుకుపోదామని వచ్చాడు. చేతిలో మామిడిపండ్ల గంప, తడిగుడ్డలో చుట్టిన కనకాంబరాలు. వియ్యంకుడు గడపలో కనిపించేసరికి నల్లమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సంగటి ఉంది, కూరకే ఏమీ లేదు. వంటింట్లోకి వెళ్లి చూస్తే చేటలో గడ్డలు.

"మా కోడలు ఎర్రగడ్డలు కొనిపెట్టినట్టుండాది, బంగారు తల్లి," అనుకుంది. కళ్లలో పొర కమ్మి ఆమెకు ఏడాదిగా చూపు సరిగా ఆనడం లేదు. కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. కోస్తుంటే కంట్లో నీళ్లు రాకపోవడం కాస్త వింతగా తోచింది గానీ, మందులేసి పండించే పంటలు ఇప్పుడన్నీ ఇంతేలే అని సరిపెట్టుకుంది. చింతపండు పిసికి, ఎండుమిరపకాయలు దండిగా వేసి, బెల్లం ముక్క తగిలించి పులుసు కాచింది.

సుబ్బన్న, తిమ్మన్న పక్కపక్కన కూర్చున్నారు. సుబ్బన్న సంగటి ముద్ద పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. చేదు నాలుక చివర నుంచి కొండనాలుక దాకా పాకింది. ఉమ్మేద్దామంటే వియ్యపురాలు ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఎట్లుండాది అన్నా?"

"బాగుండాది చెల్లెమ్మా," అని గుటుక్కున మింగాడు.

తిమ్మన్నకూ అదే చేదు తగిలింది. కానీ వియ్యంకుడే బాగుందంటుంటే తాను ఎట్లా కాదంటాడు? ఆయనా మింగాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవతలివాడు ఇష్టంగా తింటున్నాడని ఎవరికి వాళ్లు అనుకున్నారు. నల్లమ్మ సంబరపడి ఇద్దరికీ ఇంకో గరిటె వేసింది.

అప్పుడే ఉమాదేవి చంకన బిందెతో వచ్చింది. నాయన్ను చూసి ముఖం వికసించింది. అంతలోనే పొయ్యి పక్కన గోధుమరంగు పొరలు కనిపించాయి.

"అత్తా, చేటలో గడ్డలేవి?"

"పులుసు జేసినా."

"అయ్యో అత్తా! అవి ఎర్రగడ్డలు గాదు. పూలగడ్డలు!"

ఆ మాట పూర్తికాక ముందే సుబ్బన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి ఉరికాడు. వెనకాలే తిమ్మన్న. నల్లమ్మ నమ్మలేదు. "నా చేతి పులుసుకేం రోగం?" అని గరిటెడు తీసుకుని తాగింది. కాసేపటికి ఆమె కూడా పెరట్లో గోడ పట్టుకుని నిలబడింది.

ఊళ్లో సూదులేసే కుళ్లాయప్ప మోపెడ్ మీద వచ్చాడు. "ఏమి తిన్నారప్పా?" అని అడిగాడు.

"పూలు," అంది ఉమాదేవి.

"ఏం పూలు?"

"ఇంకా పుయ్యలే."

కుళ్లాయప్ప ఆమె వైపు ఒక చూపు చూసి, ఇంకేమీ అడగకుండా పెట్టె తెరిచాడు. తలా ఒక సూది వేసి, ఉప్పేసిన మజ్జిగ తాగించమని, ప్రాణభయం ఏమీ లేదని చెప్పి వెళ్లాడు.

సాయంత్రానికి ఓబులేష్ వచ్చేసరికి వాకిట్లో మూడు మంచాలు వరసగా వేసి ఉన్నాయి. వాంతులు తగ్గాయి గానీ సుబ్బన్నకు కోపం తగ్గలేదు.

"ఉమా, సంచి సర్దుకో. రేపు పొద్దున బస్సుకే పోతాండాము. వియ్యంకుడని కూడా చూడకుండా ఇట్లా చేస్తారా ఎవరైనా?"

అవతలి మంచం మీంచి నల్లమ్మ లేవలేకపోయినా నోరు లేచింది. "నేను కావాలని పెట్టినానా అన్నా? నేనూ తాగితి గదా! ఆ పాడు గడ్డల్ని వంటింట్లోకి తెచ్చినోళ్లను అడుగు!"

అందరి చూపూ ఉమాదేవి మీదికి మళ్లింది. ఆమె గుంజను ఆనుకుని తల వంచుకుంది. కళ్లు నిండాయి.

ఓబులేష్ గొంతు సవరించుకున్నాడు. ఊరుకుంటాడేమో అనుకున్నారు. ఊరుకోలేదు.

"నేనే తెచ్చినా మామా. ఉమ పూలు గావాలనింది. ఉరవకొండ పూలు బస్సులోనే వాడిపోతాండాయి. ఈడ యాడ తెద్దును? వాన ఎప్పుడొస్తాదో తెలీదు. పువ్వు లేకపోతే గడ్డన్నా చూపిద్దామని తవ్వి తెచ్చినా. తప్పు నాది, ఉమది గాదు."

పుట్టినప్పటి నుంచీ వాడు ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం తిమ్మన్న ఎరగడు. తల ఎత్తి కొడుకును చూశాడు. సుబ్బన్న మెల్లగా అల్లుడి వైపు తిరిగాడు.

"పెండ్లాం పూలడిగితే గడ్డలిచ్చినావా అబ్బీ?"

"అవు మామా."

సుబ్బన్న పెదవులు బిగించి ఆపుకోవాలని చూశాడు. ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి, నొప్పిలో మళ్లీ నవ్వు. అది చూసి తిమ్మన్న, ఆయన్ను చూసి నల్లమ్మ. "అన్నా, నువ్వు బాగుండాదంటివి గదా!" అని ఆమె అంటుంటే సుబ్బన్న చేతులు జోడించి ఇంక చాలని బతిమాలాడు. ఉమాదేవి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మొగుడి వైపు చూసింది. అతను మళ్లీ ఎప్పటిలాగే నేల చూస్తున్నాడు.

వాళ్లింకా నవ్వుతుండగానే గాలి లేచింది. ఎర్రటి దుమ్ము వీధి పొడవునా పరుగెత్తింది, దాని వెనకే మట్టివాసన, దాని వెనకే పెద్ద పెద్ద చినుకులు. ఉమాదేవి, ఓబులేష్ చెరో పక్క పట్టుకుని మనుషులతో సహా మంచాలు వసారాలోకి ఈడ్చారు. తిమ్మన్న మాత్రం తన మంచాన్ని కదలనియ్యలేదు.

"ఉండనీ అబ్బీ," అన్నాడు. ముఖం మీద వాన పడుతుంటే నోరు తెరుచుకుని అట్లాగే పడుకున్నాడు.

ఆ వానకు ఊరి ముందున్న వంక పారింది. దారి కోసుకుపోయి బస్సు రావడం మానేసింది. సుబ్బన్న పోదామన్నా పోలేకపోయాడు. నల్లమ్మ ఆయనకు రోజూ మజ్జిగన్నం పెట్టి, ముందు తాను ఒక ముద్ద తిని చూపించేది. పదును ఆరకముందే విత్తాలి కాబట్టి ఇంటిల్లిపాదీ వసారాలో కూర్చుని వేరుశనగ కాయలు ఒలిచారు. సుబ్బన్న కూడా ఒలిచాడు. పూలు కోసే చేతులు కదా, గింజ మీద పొర చెదరకుండా అందరికన్నా వేగంగా ఒలిచాడు.

వాన వెలిసి నేల కాస్త ఆరాక, పొద్దు పొడవకముందే విత్తే గొర్రు బండికెక్కించుకుని అందరూ చేనికి బయలుదేరారు. ముందు నడుస్తున్న ఉమాదేవి చేను కొసకు చూసి ఆగిపోయింది. తరువాత చెప్పులు చేతిలోకి తీసుకుని పరుగెత్తింది.

ఆకు కూడా సరిగా లేవకముందే పూలు లేచాయి. రాళ్ల బీడు అంతటా బండల సందుల్లో, ముళ్లకంపల కింద, కిందటి వారం కాళ్లు కాలిన చోటల్లా. పొడవాటి కాడ, కొసన ఆరు రేకుల తెల్లటి పువ్వు, రేకుల నడుమ చిన్న గిన్నె. తేనెటీగలు ఎక్కడి నుంచి వచ్చాయో గాని వచ్చేశాయి. సన్నటి వాసన గాలితో పాటు వచ్చి పోతోంది.

నల్లమ్మ వంగి ముక్కు ఆనేదాకా ముఖం దగ్గర పెట్టి చూసింది. "ఇవేనా నేను ఉడకబెట్టింది? ఈ పూలు చిన్నప్పుడెన్ని పెట్టుకోలే నేను! వీటి కింద గడ్డుంటాదని ఎవురు తవ్వి చూసినారు!"

సుబ్బన్న ఒక మొక్క పక్కన గొంతుక్కూర్చుని, మట్టిని వేళ్లతో నలిపి, రేకుల్ని తాకి, మళ్లీ మట్టిని చూశాడు. జీవితమంతా పూలకు నీళ్లు కట్టి, ఎరువేసి, పురుగుమందు కొట్టినవాడు. "వీనికి ఎవురేమిచ్చినారు బావా?" అని అడిగాడు తిమ్మన్నను.

"మేమేమిస్తాం బావా? కాలితో తొక్కినాము, అంతే."

ఉమాదేవి ఒడినిండా కోసుకుంది. కనకాంబరాల్లా కడితే ఇవి నిలవవు. కాడ మరీ పొడుగు, రేకు మరీ మెత్తన. రెండుసార్లు జారిపోయాక కాడలు మూడేసి కలిపి, జడలా అల్లి, నారతో బిగించింది. మాల కుదిరింది. నల్లమ్మ కొప్పులో పెట్టింది, విత్తడానికి సాయమొచ్చిన పక్కింటి సిద్దమ్మకు పెట్టింది, ఎద్దుల కొమ్ములకు చుట్టింది. ఓబులేష్ ఒక పువ్వు తెంపి, గొంతు సవరించుకుని, ఆమె జడలో గుచ్చి, ఒక్క మాటా అనకుండా ఎద్దుల దగ్గరికి నడిచాడు.

వంక తగ్గిందని, సాయంత్రం బస్సు వస్తుందని అప్పుడే దారిన పోతున్నవాళ్లు చెప్పారు. సుబ్బన్న కూతురి దగ్గరికొచ్చాడు. "పోదామా ఉమా? రేపే ఆషాఢం."

"విత్తనమయ్యేదాకా రాను నాయనా. అందరూ ఒక్కసారే విత్తుతాండారు, మనుషులు దొరకలే."

"ఆషాఢంలో అత్తాకోడండ్లు ఒక గడప తొక్కగూడదు గదమ్మా," అని సుబ్బన్న నసిగాడు.

"దానికేముందన్నా!" అంది నల్లమ్మ. "విత్తేదాకా నేను సిద్దమ్మ ఇంట్లో పండుకుంటా. ఏమే సిద్దీ, చోటుండాదా?"

"గురక పెట్టకపోతే ఉండాది," అంది సిద్దమ్మ.

తిమ్మన్న ఎద్దుల్ని అదిలించాడు. గొర్రు నేలలోకి దిగింది. దాని వెనక ఉమాదేవి పిడికిట్లోంచి గింజలు వదులుతూ నడిచింది. సుబ్బన్న కాసేపు గట్టు మీద నిలబడి చూశాడు. తరువాత తెల్లపంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, విత్తనాల సంచి నుంచి దోసెడు గింజలు తీసుకుని, కూతురి వెనక సాలులోకి దిగాడు.