ఆగ్నెస్ బామ్మతో అట్లు

గురువారం సాయంత్రం మా అత్తగారు పక్కింటి మార్గరెట్ వాళ్ల బామ్మని అట్లు పోసేశారు. ఉల్లిపాయ, జీలకర్ర, పచ్చిమిర్చి కూడా వేశారు. నవ్వకండి, ఆ రోజు నాకు గుండె ఆగినంత పనైంది.

బామ్మంటే మనిషి కాదు లెండి, గాజు సీసాలో పులిసిన పిండి. మార్గరెట్ వాళ్ల బామ్మ ఆగ్నెస్ నూరేళ్ల కిందట కెనడాలో ఈ కాల్గరీ పక్క పొలాలకి కాపురానికి వస్తూ, రైల్లో గడ్డకట్టకుండా ఆ పిండి డబ్బాని కోటు లోపల పొట్టకి కట్టుకుని తెచ్చిందట. మట్టిపెళ్లలు పేర్చి కట్టుకున్న ఇంట్లో దాంతోనే రొట్టెలు కాల్చి పిల్లల్ని పెంచింది. వాడినప్పుడల్లా కాస్త మిగిల్చి, మళ్లీ పిండీ నీళ్లూ కలుపుతూ ఆ ఇంటి ఆడవాళ్లు దాన్ని ఇప్పటిదాకా బతికించుకొచ్చారు. అందుకే సీసా పేరు కూడా ఆగ్నెస్సే. ఏటా మా కమ్యూనిటీ హాల్లో ఆ తొలినాటి ఆడవాళ్ల జ్ఞాపకాల సభ జరుగుతుంది. మార్గరెట్ ఆ పిండితో రొట్టె చేసి తెచ్చి, బామ్మ కథ చెప్తుంది.

ఎనభై దాటిన ఆవిడ ఎడ్మంటన్‌లో కూతురింటికి వెళ్తూ సీసాని నా చేతిలో పెట్టింది. "ఆదివారమే సభ మృదులా. ఆగ్నెస్ జాగ్రత్త," అంది. నేను కొత్తగా వచ్చిన చలికాలంలో, మంచు మీద కారు జారితే బ్రేకు గట్టిగా తొక్కకూడదని పక్కన కూర్చుని నేర్పిన మనిషి ఆవిడ. ఆవిడ అడిగితే ప్రాణమైనా ఇస్తాను, కాస్త పిండి కాపాడలేనా?

కాపాడలేకపోయాను. విండ్సర్‌లో కూతురి దగ్గర నెల్లాళ్లుండి మా అత్తగారు లక్ష్మీకాంతం గారు ఆ మధ్యాహ్నమే దిగారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా అట్ల ఘుమఘుమ. మా ఆయన మహీధర్ లెక్క మర్చిపోయి తింటున్నాడు.

"రా అమ్మాయ్, వేడివేడిగా తిందువుగాని. ఫ్రిజ్‌లో ఆ పిండి పెట్టి ఎన్నాళ్లయిందే? పులిసి చచ్చింది. పారబోయడానికి మనసొప్పక, కాస్త బియ్యప్పిండి కలిపి పోసేశా. ఎంత బాగా కుదిరాయనుకున్నావ్!"

సింకు పక్కన సీసా తళతళలాడుతోంది. పీచుపెట్టి మరీ తోమారు.

"అత్తయ్యా! అది మార్గరెట్ ఆంటీ పిండి!"

"అయితే ఆవిడకీ రెండు పంపు."

మా అమ్మాయి ఇషిత నోట్లో ముక్క అలాగే పెట్టుకుని, "అమ్మా, డిడ్ వుయ్ జస్ట్ ఈట్ ఆగ్నెస్?" అంది.

"తిను తల్లీ తిను, బామ్మే కదా, చట్నీ కూడా అద్దుకో!" అని అరిచాను. నాకు కోపమొస్తే ఎవర్ని తిడుతున్నానో నాకే తెలియదు. అరుస్తూనే కథంతా చెప్పాను. అత్తగారి మొహం వాడిపోయింది.

మహీధర్ చెయ్యి కడుక్కుని, "పులిసిన పిండి షాపులో దొరుకుతుంది మృదూ. ఆ సీసాలో పోసి ఇచ్చెయ్, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నోర్ముయ్ మహీ! ఆవిడ మొహం నువ్వు చూస్తావా?"

"ఉండవే, ఇల్లు ఎగిరిపోయేలా అరవకు," అన్నారు అత్తగారు. "ఏ పిండైనా నేను గిన్నె ఊడ్చేస్తానా? గరిటెడు ఉంచి కొత్త పిండిలో కలపడం మా అమ్మ దగ్గర్నుంచీ అలవాటు. రేపటికి నువ్వు నానబోసిన పప్పుతో దోసెలపిండి రుబ్బి అందులో కలిపేశా. ఓవెన్లో లైటేసి పెట్టా."

ఈ చలిలో పిండి పులవాలంటే ఇక్కడ మనవాళ్లందరూ చేసే పని అదే. అంటే ఆగ్నెస్ బతికే ఉంది, మినప్పప్పులో. మహీధర్‌కి నవ్వి నవ్వి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. వాడికి ఆ రాత్రి అన్నం పెట్టలేదు. అట్లు తిన్నాడుగా, చాలు.

పొద్దున్నే ఓవెన్ తలుపు తీస్తే పిండి మూత ఎత్తేసి, గిన్నె దాటి, కింద పళ్లెం నిండా పరుచుకుని ఉంది. ఇన్నేళ్లలో మా ఇంట్లో పిండి అలా పొంగిన పాపాన పోలేదు. "అయ్యో అయ్యో, ఏం పిండే ఇది! బంగారం!" అని అత్తగారు చిన్నపిల్లలా చప్పట్లు కొడుతున్నారు. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. మార్గరెట్.

"నేనే చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో అను," అంటూ అత్తగారు పైట సర్దుకుని ఎదురెళ్లారు. "అక్కయ్యగారూ, మీ బామ్మని మేం తినేశామండీ. క్షమించాలి."

ఏం చేయను, ఉన్నదున్నట్టే అన్నాను. ఓవెన్ కూడా చూపించాను. మార్గరెట్ నెమ్మదిగా వెళ్లి పిండిలో వేలు ముంచి నాకింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేనూ ఏడుపందుకున్నాను. తీరా చూస్తే ఆవిడ గట్టు పట్టుకుని పడీ పడీ నవ్వుతోంది!

నవ్వడం అయ్యాక కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"మా బామ్మ తెచ్చిన పిండి ఎప్పుడో పోయింది మృదులా. మొదటి చలికాలమే గడ్డకట్టి డబ్బా పగిలిపోయింది. పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, అవతలి పొలం నుంచి ఒక ఉక్రెయిన్ ఆవిడ మోకాళ్ల లోతు మంచులో నడిచొచ్చి, తన గిన్నెలోంచి పిండి పెట్టి వెళ్లిందట. ఒకరి భాష ఒకరికి రాదు. మంచు కరిగేసరికి వాళ్లు పొలం వదిలి ఎటో వెళ్లిపోయారు. పేరైనా అడగలేదే అని బామ్మ పోయేదాకా బాధపడింది. మా అమ్మ మాత్రం కోటు కథ దగ్గరే ఆపేసేది. నేనూ అంతే. పేరే తెలియని మనిషి గురించి సభలో ఏం చెప్తాం?"

నేను తెలుగులో చెప్తుంటే అత్తగారు చెంగుతో కళ్లొత్తుకున్నారు. "మంచులో నడిచొచ్చిన మనిషమ్మా! పేరు లేకుండా పోయిందా?" అని, గరిటె తీసుకుని కడిగిన సీసాలో పిండి పోసి మార్గరెట్ చేతిలో పెట్టారు.

ఆదివారం సభలో రొట్టె కాస్త మినపవాసన వేసిందనుకోండి, ఒక్కరూ ముక్క వదల్లేదు. మార్గరెట్ మొదటిసారి ఉక్రెయిన్ ఆవిడ కథ చెప్పింది. హాలు వెనక మా అత్తగారు పెనం పెట్టి అట్లు పోస్తుంటే క్యూ తలుపు దాటి మంచులోకి వెళ్లింది. ఒక ముసలాయనైతే టోపీ తీసి మళ్లీ వరసలో నిలబడ్డాడు, గుర్తుపట్టమనుకున్నాడు కాబోలు.

సాయంత్రం మార్గరెట్ సీసా, పెన్నూ పట్టుకుని మా ఇంటికొచ్చింది. సీసా మీద చిన్న కాగితం అంటించి ఆగ్నెస్ పేరు రాసి, దాని కింద కాస్త జాగా ఖాళీగా వదిలింది. ఎవరి కోసమో నేను అడగలేదు.

"ఇప్పుడు మీ పేరు చెప్పండి, ఒక్కో అక్షరం," అంది మా అత్తగారితో.

నేను ఇంగ్లీషులో అక్షరాలు చెప్తుంటే కాగితం అయిపోయింది. ఇంకోటి అంటించింది. పేరు సీసా చుట్టూ తిరిగిపోతోంది. ఇషిత నేల మీద పడి నవ్వుతోంది.

"అంత పొడుగెందుకే, కాంతం అని రాయమను, చాలు," అన్నారు అత్తగారు సిగ్గుపడిపోతూ.

మార్గరెట్ తల అడ్డంగా ఊపింది.

"వద్దు. ఈసారి మొత్తం రాస్తాను."