కొంగుల పడ్డ ముక్క

సూర్యాపేట పెంటమ్మ సూది పట్టిందంటే చీమలొచ్చి వరుస నేర్సుకొని పోతయని పేరు. ఆమె కుట్టిన బొంత మీద ఈగ వాలితే గాడనే గుర్రు పెట్టి పండుకుంటదట, చాటతోటి కొట్టినా లేవదట. కానీ ఇప్పుడు ఆమె కుట్టాల్సిన బొంతకు పనితనం ఒక్కటి సాలదు. పదిండ్ల పాతబట్ట కావాలె.

ఎందుకంటరా? ఆమె బిడ్డ అఖిలకు రెండు కాన్పులు దక్కలె. ఒకటి కడుపులనే పోయింది, ఇంకోటి పురిట్ల కండ్లు తెరవకుండనే పోయింది. ఇగ మూడోసారి నెలలు నిండి, తల్లింట్ల మంచం మీద ఉన్నది. గిసొంటప్పుడు పెద్దోళ్ళు ఏం జేస్తరు? పిల్లలు బతికి బట్టకట్టిన ఇండ్లకు పోయి, గడప ముందట కొంగు పట్టి, కట్టి ఇడిసిన బట్ట పేలిక అడుక్కొస్తరు. ఆ పేలికలన్ని కలిపి బొంత కుట్టి, పుట్టిన పిల్లను దాంట్ల పండవెడితే, ఇది అడుక్కునేటోళ్ళ పిల్ల, మనకెందుకని సావు పక్క సందుల నుంచి పోతదట.

పెంటమ్మ గట్ల బతికిందే. ఆమె ముందు పుట్టినోళ్ళంత పోతే, ఆమెను పెంటకుప్ప మీద పండవెట్టి, చాటెడు నూకలిచ్చి కొన్నట్టు చేసి ఇంట్లకు తెచ్చుకున్నరు. పేరు గందుకే. ఆ కుప్ప మీద తను ఏడ్సిన ఏడుపుకు మూసీల చేపలు పరేషానై గట్టెక్కినయని ఆమెనే చెప్తది. కాదన్నోళ్ళు ఇంతవరకు లేరు.

అఖిల మాత్రం ఒప్పుకోలె. దవాఖానల స్కానింగులు తీయించుకుంటున్న పిల్లాయె. "నా కడుపు పేరు చెప్పి ఒక్క గడప ముందట కొంగు పట్టినవంటే నీ చేతి నీళ్ళు తాగ" అని ఒట్టు పెట్టుకున్నది. రెండుసార్లు ఊరంత అయ్యో పాపం అంటుంటే ఇన్న పిల్లకు, మూడోసారి ఇనే ఓపిక లేదు.

గప్పుడు పెంటమ్మకు ఫోన్ల ఒక తొవ్వ కనవడ్డది. మిషిన్ కుట్టుడు నేర్సుకునే కాడ జతకలిసిన ఆడోళ్ళు ఒక గ్రూపు పెట్టుకున్నరు. సూర్యాపేటోళ్ళు, కోదాడోళ్ళు, మిర్యాలగూడోళ్ళు దాంట్ల ఉంటరు, అందరు పిల్లల తల్లులే. గ్రూపుకు పెద్ద కోదాడ కృపారాణి. ఆమె ఒక మాట ఏసింది. ఒక్కొక్కరు జానెడు చదరం ముక్కలు కుట్టాలె. ముక్కల సగం ముదురు రంగు, సగం లేత రంగు, అత్తాకోడండ్ల లెక్క ఒకదానికొకటి పడొద్దు. అందరు కోదాడల కూడి ముక్కలు మార్సుకోవాలె. ఎవరి బొంత చూసినా అందరి సెయ్యి కనవడాలె.

పెంటమ్మ నవ్వు చెవులు దాటి కొప్పుల దాక పోయింది. అడుక్కునే పనే లేకుండ అందరిండ్ల బట్ట నడుసుకుంట తన సంచిలకొస్తది. బొంతంటే పాతబట్టనే గద, దానికి మళ్ళ చెప్పుడేందని నోరు తెరిసి ఎవ్వరికి చెప్పలె.

తన ముక్కలకు ముదురు రంగు కావాలని అఖిలను మోసినప్పుడు కట్టిన నేరేడుపండు రంగు చీర తీసింది. లేత రంగుకు అఖిల బడికి తొడుక్కపోయిన తెల్ల చొక్కా తీసింది. దాని జేబు కింద సిరా మరక, ఎన్నిసార్లు ఉతికినా పోలె. కత్తెర పెట్టంగనే సెయ్యి జర ఆగింది. మంచిదిస్తే మంచిదే వస్తదని కోసింది.

కోదాడల కృపారాణి ఇంట్ల మంచం మీద అందరు ముక్కలు పరిసిన్రు. ఆ మెరుపుకు గోడ మీద బల్లి కండ్లు మూసుకొని కింద పడ్డదట. పెంటమ్మ ఒక ముక్క తీసి చెంపకు రాసుకున్నది. గరగర. ఇంకోటి తీసింది. గంజి, దుకాణం వాసన. అన్ని తీసి చూసింది. అన్ని తానులకెళ్ళి కోసిన కొత్త బట్టలే, మనిషి చెమట తగిలింది ఒక్కటి లేదు. నలుగురికి ఇచ్చేది గద అని అందరు మర్యాదకు కొత్తది కొన్నరు.

ఆమె ముక్కలు చూసి మిర్యాలగూడ తారా నవ్వింది. "బొంత కుట్టుకరమ్మంటే పెద్దమ్మ ఉన్న బొంతను ఇప్పుకొచ్చింది" అన్నది. అందరు నవ్విన్రు. కృపారాణి నవ్వలేదు గని, ఆ ముక్కలను మంచం మీదికెళ్ళి తీసి పక్కన పెట్టింది. ఇవి మిగతావాటితో కలవవని, ఏమనుకోవద్దని, అయినా పెద్దమ్మకు మాత్రం అందరివీ ఇచ్చేద్దామని మెత్తగ చెప్పింది. పెంటమ్మ సంచి నిండింది. నిండినా ఏం లాభం? అన్ని ఎవ్వరూ కట్టని బట్టలు.

ఇంతల చాయ్ అయింది. పొయ్యి మీది గిన్నెను కృపారాణి ఒక గుడ్డతోటి పట్టుకొని తెచ్చింది. సగం నేరేడు రంగు, సగం తెలుపు. తెల్ల దిక్కు సిరా మరక, దాని పక్కన కొత్తగ మసి.

పెంటమ్మ చాయ్ ముట్టలె. లేసి వాకిట్లకు పోయి, గడప అవతల నిలవడి, కొంగు పట్టింది.

"అమ్మా, నీ ఇంట్ల కట్టి ఇడిసిన పేలిక ఒక్కటి పెట్టు."

చాయ్ తాగేటోళ్ళు ఆగిపోయిన్రు. కృపారాణి గడప దాక వచ్చింది. "అదేంటి పెద్దమ్మా, మీకు పాతబట్టలు ఇస్తామా మేము?"

"పాతదే కావాలె బిడ్డా. ఎందుకని అడగకు."

కృపారాణి లోపలికి పోయి బీరువా తీసింది, మంచం కింద చూసింది. పాతవన్నీ మొన్ననే స్టీలు గిన్నెలోడికి ఏసేశానని నొచ్చుకుంట తిరిగొచ్చింది. పెద్దామె గడప కాడ కొంగు పట్టుకొని అట్లనే నిలవడ్డది. ఏదో ఒకటి పెట్టకపోతే బాగుండదు గద. చేతిల ఉన్న మసిగుడ్డను ఒకసారి దులిపి, "ఇదొక్కటే ఉందండీ పాతది" అని కొంగుల ఏసింది. ఇందాక తను పక్కన పెట్టిన పెంటమ్మ ముక్కనే అదని ఆమెకు యాదికి రాలె. తారాకు యాదికొచ్చినట్టుంది, మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది.

బిచ్చం కాడ ఏరుకునుడు ఉండదు, పడ్డది తిరిగిచ్చుడు ఉండదు. పెంటమ్మ కొంగు ముడేసుకొని బస్సెక్కింది.

సూర్యాపేటల అఖిల మంచం మీదనే సంచి ఇప్పింది. మెరిసే ముక్కలు చూసి, ఎవరిచ్చిన్రే గింత మంచిగున్నయి అని సంబురపడ్డది. తల్లి కొంగు ముడి ఇప్పి ఆ మసిముక్కను వాటి నడుమ పెట్టింది, రేపు పుట్టేటోళ్ళ ఈపు ఆనే జాగల.

అఖిల దాన్ని తీసి, మరక మీద వేలు పెట్టి చూసింది.

"ఇది నా బడి చొక్కా కాదే?"

"కాదు. కోదాడోళ్ళింటిది."

"మరి మసేంది?"

"వాళ్ళ పొయ్యి కాడిది."

అఖిల ముక్కను చూసింది, ముడిపడి నలిగిన తల్లి కొంగును చూసింది. "అడుక్కున్నవా?"

"నీ పేరు చెప్పలె" అన్నది పెంటమ్మ.

బిడ్డ గోడ దిక్కు ఒరిగింది. పెంటమ్మ సూదిల దారం ఎక్కించబోతే ఎక్కలె, తడి చేసి మళ్ళ పెట్టింది. ఆ ముక్క సుట్టూ కొత్త బట్టలు పెండ్లికొచ్చిన సుట్టాల లెక్క నిలవడ్డయి. కుట్లు వంకర పోయినయి, చీమలొచ్చి ఉంటే తొవ్వ తప్పేటియి. బొంత అంచు దాక వచ్చి చూస్తే, మంచం కాడ బిడ్డకని ఆమె ముంచి పెట్టిన చెంబెడు నీళ్ళు పెట్టినట్టే ఉన్నయి.