వెర్లా కాచిన కాఫీ

మరిగే నీళ్ళలోంచి తీసిన పీచ్‌పండును చన్నీళ్ళలో ముంచి, బొటనవేలితో ఒక్క నెట్టు నెట్టింది వెర్లా. తోలు మొత్తం జారి చేతిలోకొచ్చింది. పండును రెండు చెక్కలు చేసి, టెంక పీకి, గాజుసీసాలో బోర్లించింది. ఇంకోటి తీసింది. చలికాలానికి పండ్లు నిలవ పెట్టడం, పొద్దు పొడవకముందు మొదలుపెట్టిన పని. వేళ్ళ చివర చర్మం నాని తెల్లగా ముడతలు పడింది. ముంజేతుల మీద పొయ్యి తలుపు పెట్టిన వాతలు, పాతవీ కొత్తవీ, ఒకదాన్నొకటి దాటుకుంటూ ఉన్నాయి. మధ్యమధ్య ఎడమ రొమ్ము కింద ఏదో పట్టేస్తోంది. పట్టేసినప్పుడు గట్టు పట్టుకుని నిలబడుతోంది. వదిలాక "నీ దయ, తండ్రీ" అని మళ్ళీ పండు తీస్తోంది.

ఈమె జీవితంలో ఏ పనీ చెయ్యలేదు. జనాభా లెక్కలవాడు అడిగితే తనే చెప్పింది: "నాకే పనీ లేదు నాయనా, ఇంట్లోనే ఉంటా." పచ్చి అబద్ధం. ఏడుగురిని కని పెంచింది. ఆవుల పాలు పిండింది, టర్కీ పిల్లలు చలికి చావకుండా వంటింట్లో పొయ్యి పక్కన సాకింది, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పింది, ఊళ్ళో ఏ ఆడది పోయినా తెల్లబట్టలు కుట్టి తొడిగి సాగనంపింది. జీతం రాని పనిని పని అనని లోకమిది. ఆ లోకపు మాటే ఆమె నోట్లోనూ పడింది.

బల్ల చివర, పండ్ల తట్ట పక్కన, ఎర్ర రేకుడబ్బా ఒకటుంది. కాఫీపొడి.

మా శాన్‌పీట్ లోయలో కాఫీ ముట్టం. సారా, పొగాకు, టీ, కాఫీ, నాలుగూ దేవుడు వద్దన్నాడు. మాంటై కొండ మీద మా చర్చివాళ్ళ తెల్లరాతి గుడి ఎంత గట్టిదో ఆ మాటా అంత గట్టిది. ఊళ్ళో కొట్టువాడు కాఫీపొడిని బయటి ఊళ్ళనుంచొచ్చి గొర్రెలు కాసేవాళ్ళ కోసం అడుగు అరలో, చీపుళ్ళ వెనక పెడతాడు. నిన్న వెర్లా ఆ చీపుళ్ళు పక్కకు జరిపింది.

తలుపు తట్టకుండానే అయోన్ వచ్చింది. పక్కింటి మనిషి, చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. పండ్లు ఒలవడానికి సొంత కత్తి తెచ్చుకుంది. డబ్బా చూసి కత్తి బల్ల మీద పెట్టేసింది.

"వెర్లా! నిజమేనన్నమాట. కొట్లో జనం చెప్పుకుంటుంటే, కుళ్ళు మాటలు ఆపండర్రా అని తిట్టొచ్చా."

"తిట్టావుగా. పుణ్యం నీకే."

"బిషప్ చూస్తే?"

"బిషప్‌కి చుక్క కూడా పొయ్యన్లే, బెంగపడకు."

అయోన్ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత గొంతు తగ్గించి, "నెడ్రా ఇవాళేగా వచ్చేది?" అంది.

వెర్లా అడగలేదు, నీకెలా తెలుసని. ఆ వీధి మొత్తానికీ టెలిఫోను తీగ ఒకటే. ఎవరింట్లో గంట మోగినా అయోన్ చెవి దగ్గరే మోగుతుంది.

"నా కూతురు ఒక్క గంట ఆగి వెళ్తానంది, భోజనం వద్దంది. అదీ విన్నావా?"

"విన్నా. ఏడ్చా కూడా" అంది అయోన్, పండు ఒలుస్తూ.

ఆరేళ్ళ కిందట నెడ్రా కొండకవతలి బొగ్గు గనుల్లో పనిచేసే మనోలిస్‌ని పెళ్ళాడింది. గ్రీకువాడు. పెళ్ళి గ్రీకు చర్చిలో. మా గుడిలో జరిగే పెళ్ళికి ముద్ర పడుతుంది. ముద్ర పడిన కుటుంబాన్ని చావు కూడా విడదీయలేదు. నెడ్రా పెళ్ళికి ముద్ర లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఈ ఇంటికొచ్చినప్పుడు మనోలిస్ మామూలుగానే, ఎక్కడైనా అడిగినట్టే, కాస్త కాఫీ ఉంటుందా అన్నాడు. "ఈ ఇంట్లో అది కాగదు" అన్నాడు మామ ఆల్డెన్. చెప్పిన మాట కాదు, చెప్పిన తీరు. అల్లుడు టోపీ తీసుకుని లేచాడు. కూతురు వెనకే వెళ్ళింది. వెర్లా అప్పుడు గిన్నె తోముతోంది. తోముతూనే ఉండిపోయింది. తర్వాత మనవరాలు పుట్టింది. నాలుగేళ్ళదట. ఫోటోలో తప్ప చూడలేదు.

"సరే, ఎలా కాస్తారు దీన్ని?" అంది వెర్లా.

ఇద్దరూ డబ్బా అటూ ఇటూ తిప్పారు. దాని మీద రాసిన పాత్ర ఏదో ఈ ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు.

"మా తాత డెన్మార్క్ నుంచొచ్చిన కొత్తలో తాగేవాడట. నాయనమ్మ గుడ్డలో మూటగట్టి ఉడకబెట్టేదట" అంది అయోన్.

"ఎంతసేపు?"

"బీన్సు ఎంతసేపు ఉడుకుతాయి?"

జెల్లీ వడకట్టే గుడ్డలో పొడి దండిగా పోసి మూట కట్టారు. మూట నీళ్ళలో పడింది. గంట దాటి ఉడికింది. నీళ్ళు ముందు ఎర్రబడి, తర్వాత నల్లబడి, చివరికి తారులా చిక్కబడ్డాయి. రుచి చూడటానికి ఇద్దరిలో ఎవరికీ వీల్లేదు. వంగి వాసన చూశారు.

"బాగానే మాడినట్టుంది" అంది అయోన్ మెచ్చుకోలుగా.

మధ్యాహ్నం ఆల్డెన్ టర్కీల ఫారం నుంచి వచ్చాడు, చొక్కా నిండా ఈకల నూగుతో. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు. అయోన్ కత్తి తీసుకుని పెరటి దారిన జారుకుంది.

"ఏంటది?"

"కాఫీ."

"నా ఇంట్లోనా?"

"మన ఇంట్లో."

"వెర్లా, సంఘంలో నేను పెద్దని."

"పెద్దవే. అందుకే నిన్ను కాయమనలేదు. నేనే కాశా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఇలా మాట్లాడటం ఆల్డెన్ వినలేదు. ఆమె చెయ్యి తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"పైకెళ్ళాక నెడ్రా మన పక్కన కూర్చుంటుందో లేదో నాకు తెలీదు ఆల్డెన్. ఎంత ప్రార్థించినా తెలియలేదు. ఇక్కడ మాత్రం కుర్చీ ఉంది. ఇవాళ కూడా పిల్లని నిలబెట్టి పంపేస్తే, ఇక రాదు. అప్పుడు పైన నేను ఎవరి పక్కన కూర్చుంటే ఏం లాభం?"

ఆల్డెన్ భోంచెయ్యకుండా టోపీ పెట్టుకుని కొట్టం వైపు వెళ్ళిపోయాడు.

వెర్లా కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె ప్రార్థనలు ఎప్పుడూ కృతజ్ఞతలే. కుళాయి నీళ్ళకి, ఈ ఏడు మంచు కాటేయని పండ్లకి, అయోన్ కత్తికి, ఆల్డెన్ తాగుబోతు కానందుకు. వరసగా చెప్పుకుంటూ పోయేసరికి అడగడం మర్చిపోయేది. ఇవాళ మర్చిపోలేదు. "ఆ గంటని కాస్త సాగదియ్యి" అంది.

కారు వచ్చింది. నెడ్రా ముందు దిగింది, చిక్కి ఉంది. పాపని ఎత్తుకుని మనోలిస్ దిగాడు. పొట్టిగా, బలంగా, నుదుటి చర్మం కింద ఇంకిపోయిన నీలం బొగ్గు గీతతో. టోపీ చేతిలోనే ఉంచుకున్నాడు.

"కూర్చో బాబూ" అంది వెర్లా. కప్పు అతని ముందు పెట్టింది. అంచుదాకా పోసిందేమో, సాసర్‌లో కాస్త ఒలికింది.

నెడ్రా ఆ నల్లటి ముద్దని చూసింది. అమ్మ మొహం చూసింది. "అమ్మా! నువ్వు కాశావా?" అంది. పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగిపోయింది.

మనోలిస్ ఒక గుక్క తాగాడు. కళ్ళు కాస్త పెద్దవయ్యాయి. మింగాడు. వెర్లా అతని మొహమే చూస్తోంది.

"అత్తమ్మా, చెంచా నిలబెడితే పడదు ఇందులో" అన్నాడు.

"పాడైందా బాబూ?"

"పాడవడమేంటి? మా ఊళ్ళో మా అమ్మ ఇలాగే కాస్తుంది, చిక్కగా. ఇక్కడందరూ గిన్నెలు కడిగిన నీళ్ళు పోస్తారు." కప్పు ఖాళీ చేసి ముందుకు జరిపాడు. "ఇంకోటి."

టోపీ కుర్చీ కింద పెట్టాడు.

గంట ఎప్పుడు గడిచిందో ఎవరూ చూడలేదు. నెడ్రా అమ్మ ఆప్రాన్ కట్టుకుని పండ్లు ఒలిచింది. మరిగే నీళ్ళలో ఉడికించి తీసిన సీసాలు చల్లారుతూ, రేకుమూతలు ఒక్కొక్కటే టక్కుమని లోపలికి దిగుతున్నాయి. మూత అలా దిగితే ముద్ర పడిందంటాం. ఆ సీసా ఏళ్ళు నిలుస్తుంది. పాప ఐరీనీ ప్రతి టక్కుకీ ఎగిరి "అమ్మమ్మా, పడింది!" అని అరుస్తోంది.

మనోలిస్ సీసాలు నేలమాళిగకు మోస్తూ ఒకదాని మూత వేలితో నొక్కి చూశాడు. "అత్తమ్మా, ఇది దిగలేదు. పారేయనా?"

"పారేస్తావా! ముద్ర పడనిదాన్ని పారెయ్యం బాబూ. ముందు దాన్నే తింటాం."

అన్నాక గానీ ఆమె మాట ఆమెకే వినపడలేదు. నెడ్రా చేతిలో కత్తి ఆగింది. పెరటి గుమ్మంలో ఆల్డెన్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. లోపలికొచ్చి, అల్లుడి చేతిలోంచి ఆ సీసా తీసుకుని, మూత తిప్పి, మొదటి చెక్క కూతురి పళ్ళెంలో వేశాడు. రెండోది అల్లుడికి. తర్వాత బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు నూగు దులుపుకున్నాడు.

"గనిలో గాలి ఎలా ఉంటుంది?" అన్నాడు చివరికి.

"ఉన్నప్పుడు బాగానే ఉంటుంది మామా."

ఆల్డెన్ గొంతులోంచి ఏదో వచ్చింది. నవ్వే. నెడ్రా పాప చెప్పులు విప్పి గోడవార పెట్టింది, రేపు వెళ్తాంలే అంది.

"మీరు కానివ్వండర్రా, కాసేపు కూర్చుంటా" అంది వెర్లా. పొయ్యి పక్కన ఊగే కుర్చీలో వెనక్కి వాలింది. ఎండ పడమటి కొండ వెనక్కి దిగుతూ సీసాల్లోంచి పసుప్పచ్చగా ఆమె ఒళ్ళో పడింది. పెదవులు కదిలాయి, వరస మొదలుపెట్టినట్టు. ఒక మూత టక్కుమంది. "అమ్మమ్మా, పడింది!" అంది పాప. ఇంకోటి టక్కుమంది. "అమ్మమ్మా, ఇంకోటి!" అంది. కుర్చీ కాస్త ఊగి ఆగింది.

అయోన్, సంఘం ఆడవాళ్ళు వచ్చి, అందరికీ ఆమె తొడిగినట్టే ఆమెకి తెల్లబట్టలు తొడిగారు. ఆమె కుట్టి ఉంచుకున్నవే. ఎక్కడా ఒక్క కుట్టు సరిచెయ్యాల్సిన పని పడలేదు.

సమాధి చేసే రోజు పొద్దున నెడ్రా వంటింట్లోకి వచ్చేసరికి ఆల్డెన్ నల్లకోటు వేసుకుని పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. జెల్లీ గుడ్డ మూట కుతకుత ఉడుకుతోంది. అయోన్‌ని అడిగి తెలుసుకున్నాడట, బీన్సు ఉడికినంతసేపని.

"కుదిరిందో లేదో నాకు తెలీదు. నువ్వే చూసి చెప్పు" అని కప్పు అల్లుడి ముందు పెట్టాడు. మనోలిస్ అడుగు మడ్డి దాకా తాగాడు.

తర్వాత నేలమాళిగలోకి దిగి నెడ్రా అరలు చూసింది. ప్రతి సీసాకీ అమ్మ అంటించిన కాగితం ముక్క, దాని మీద పెన్సిలుతో పండు పేరు, ఏడు. పీచ్‌ల వరసలో, చీపుళ్ళ వెనక కాదు, అందరికీ కనబడేలా ముందు ఎర్ర రేకుడబ్బా ఉంది. దానికీ అమ్మ రాతతోనే ఒక కాగితం ముక్క అంటించి ఉంది: అల్లుడిది.